ఎడమ సీటు

“నాకివ్వు అన్నారు. ఇచ్చేశాను. ఇంకేం చెప్పమంటారు సార్?”

ఆసుపత్రి మంచం మీది కుర్రాడు ఈ మాట అనడం ఇది నాలుగోసారి. డిటెక్టివ్ నాలుగుసార్లూ తల ఊపి, నాలుగుసార్లూ మళ్లీ కథ మొదటికి తెచ్చాడు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడే అతనికి జలగ అని పేరు పడింది. పట్టుకున్నాడంటే రక్తం తాగితే గాని వదలడని తోటివాళ్లు పెట్టిన పేరు అది. ఉద్యోగం పోయినా పేరు పోలేదు. ఎదుట ఎవరైనా అలా పిలిచినా అతనికి కోపం రాదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడాను.

కుర్రాడి కుడికాలు మోకాలి కింద తీసేసి రెండు రోజులైంది. దుప్పటి అక్కడ చదునుగా ఉంది. చోటు ఖాళీగా ఉందని జలగ తన ఫైలు అక్కడ పెట్టుకున్నాడు. కుర్రాడు ఆ ఫైలు వంక చూసి కళ్లు మూసుకున్నాడు. అది జలగ గమనించాడు గాని తీయలేదు.

మంగళవారం పొద్దున ఫ్లయింగ్ స్కూలు వాళ్ల రెండు సీట్ల హెలికాప్టరు మైదానం అంచున కూలింది. ఎడమ సీట్లో ఉన్న ఇన్‌స్ట్రక్టరు అక్కడికక్కడే పోయాడు. కుడి సీట్లో కూర్చుని నడుపుతున్న ఈ కుర్రాడు బతికాడు. పోయినవాడు చెయ్యి తిరిగిన పైలట్, బతికినవాడు ఇంకా నేర్చుకుంటున్నవాడు. ఇక తప్పెవరిదో తేల్చడానికి బుర్ర బద్దలు కొట్టుకోవడం ఎందుకన్నట్టు, విమానయాన శాఖ అధికారి మూడు రోజుల్లో రిపోర్టు సిద్ధం చేసేశాడు. భయంతో కుర్రాడి చెయ్యి హెలికాప్టరును నడిపే స్టిక్కు మీద బిగుసుకుపోయింది, గురువు ఎంత లాగినా వదల్లేదు, అదీ ఆ రిపోర్టు సారాంశం. ఈ సాయంత్రం దాని మీద సంతకం పడితే, గురువును చంపిన శిష్యుడని కుర్రాడి నుదుటి మీద రాసినట్టే. ఆ సంతకం పడకుండా ఆపమని కుర్రాడి తల్లి జలగను పెట్టుకుంది.

“ఆయన పవర్ ఎప్పుడు తగ్గించారు?”

“మలుపు తిరిగి మైదానం వైపు వస్తుంటే. సాధన కోసం చెప్పకుండా తగ్గిస్తారు సార్. నిజంగా ఇంజన్ ఆగిపోయినప్పుడు ముందుగా ఎవరూ చెప్పరు కదా.”

“నువ్వేం చేశావు?”

“వెంటనే ఎడమచేతి లివర్ దించాలి, లేకపోతే రెక్కలు ఆగిపోతాయి. ఒక్క క్షణం ఆలస్యం చేశాను. ముక్కు కిందికి పోయింది. అప్పుడే నాకివ్వు అన్నారు. తీసుకోండి అని రెండు చేతులూ ఎత్తేశాను. తీసుకున్నా అన్నారు. మూడు మాటలూ అయ్యాయి సార్.”

గాల్లో తిరిగేవాళ్లకు ఆ మూడు మాటలు ప్రమాణం లాంటివి. అడిగేవాడు అడగాలి, ఇచ్చేవాడు ఇచ్చానని చెప్పాలి, పుచ్చుకున్నవాడు పుచ్చుకున్నానని చెప్పాలి. లేకపోతే ఒక స్టిక్కు కోసం ఇద్దరు పోట్లాడుకోవడమో, ఇద్దరూ వదిలేసి కూర్చోవడమో జరుగుతుంది. అందుకే నిద్రలో లేపి నాకివ్వు అన్నా చేతులెత్తేసేదాకా శిష్యుల చేత సాధన చేయిస్తారు.

“తర్వాత?”

కుర్రాడు పెదవి తడుపుకున్నాడు. “మా సార్ నావైపు చూశారు.”

“కోపంగానా?”

“కాదు. ఆశ్చర్యంగా.” దుప్పటి అంచు పైకి లాక్కున్నాడు. “తర్వాత నా మీదికి ఒరిగి, ఎడమచేత్తో నా స్టిక్కు అందుకోబోయారు. అప్పటికే నేల వచ్చేసింది. ఆయన వైపే తగిలింది.”

“తన స్టిక్కు తన ముందే ఉండగా నీదెందుకు? పోనీ అందుకున్నాడే అనుకో, ఎడమచెయ్యి ఎందుకు? నీకు దగ్గరగా ఉన్నది ఆయన కుడిచెయ్యి కదా.”

కుర్రాడు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. జలగ అదే ప్రశ్న ఇంకో రెండుసార్లు అడిగాడు. కన్నీళ్లు చూసి ప్రశ్న ఆపే అలవాటు అతనికి లేదు. చివరికి నర్సు వచ్చి, మనిషివేనా అన్నట్టు చూసి, తలుపు తీసి పట్టుకుంది.

బయట బెంచీ మీద కుర్రాడి తల్లి కూర్చుని ఉంది. ఇంటికి తాళం పెట్టి నాలుగు రోజులుగా ఆ బెంచీ మీదే కాపురం చేస్తోంది. తాళాల గుత్తిని వేళ్ల మధ్య తిప్పుతూ తలుపు వంకే చూస్తోంది. పక్కన, ఆసుపత్రి పంపు కింద ఉతికి ఆరబెట్టుకున్న కొడుకు బట్టలు మడతపెట్టి ఉన్నాయి. తెల్లచొక్కా మీద నెత్తురు మరక పూర్తిగా పోలేదు.

“ఏమన్నాడు అన్నయ్యగారూ?”

“నిజమే చెప్పాడమ్మా. సగం చెప్పాడు.”

“వాడికి అబద్ధం రాదండీ. చిన్నప్పుడు గ్లాసు పగలగొడితే ముక్కలు చేతిలో పట్టుకుని వచ్చి చూపించేవాడు.” చొక్కా మడత సరిచేసింది. “టెస్టు రోజని తెల్లది ఇస్త్రీ చేసిచ్చాను. తినేసి వెళ్లరా అంటే, పాసై వచ్చి తింటానన్నాడు.”

జలగ కదలబోతున్నవాడల్లా ఆగాడు. “ఏం టెస్టు?”

“లైసెన్సుదేనండీ. మూడోసారి.”

కుర్రాడు టెస్టు అన్న మాటే ఎత్తలేదు. అధికారి రిపోర్టులోనూ మామూలు శిక్షణ అనే ఉంది. టెస్టయితే ఎడమ సీట్లో ఉండాల్సింది ఇన్‌స్ట్రక్టరు కాదు, పరీక్ష పెట్టే ఎగ్జామినరు. ఆ ఎగ్జామినరు ఎవరో, ఆ పొద్దున ఏం జరిగిందో కనుక్కోవడానికి జలగకు స్కూలుకు చేసిన ఒక్క ఫోను సరిపోయింది. ఫోను పెట్టేశాక చాలా రోజుల తర్వాత అతనికి నవ్వొచ్చింది.

*

హెలికాప్టరు శవాన్ని స్కూలు వాళ్ల షెడ్డులో పరిచిపెట్టారు. ఎడమవైపు నలిగి కాగితపు ఉండలా ఉంది. దాని పక్కనే అదే రకం ఇంకో హెలికాప్టరు, నిన్న కడిగినట్టు మెరుస్తూ నిలబడి ఉంది. విచారణాధికారి మడత కుర్చీలో కూర్చుని పెన్ను విదిలించుకుంటున్నాడు. శాఖలో పెద్ద మనిషి. శిష్యులు మాత్రం అతన్ని గద్ద అంటారు.

“శవాన్ని ఎప్పుడో తీసుకుపోయారు,” అన్నాడు గద్ద తలెత్తకుండానే. “ఇక్కడ జలగ తాగడానికి ఏం మిగల్లేదు.”

“గద్ద వాలిన చోట ఏదో ఒకటి మిగిలే ఉంటుందని వచ్చాను.”

“చూసుకోండి. సంతకం అయిదింటికి. అంతదాకా ఎంత కావాలంటే అంత ఏడవండి.”

జలగ పంట్లాం ఎగలాగి నేల మీద మోకరించాడు. కుడి సీటు ముందున్న స్టిక్కు వంగిపోయింది గాని, మొదట్లో బోల్టులు ఊడలేదు. ఎడమ సీటు ముందు మాత్రం బెత్తెడు గొట్టమే మిగిలింది. ఆ గొట్టంలో ఉండాల్సిన స్టిక్కును చీటీ కట్టి బల్ల మీద పెట్టారు.

“ఇదెక్కడ దొరికింది?”

“శవం కుడిచేతిలో.” గద్ద గొంతులో గర్వం లాంటిది పలికింది. “చచ్చినా వదల్లేదండీ మనిషి. వేళ్లు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది. అంత గట్టిగా లాగాడు. ఆ కుర్రవెధవ అంత గట్టిగా పట్టుకున్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలి?”

జలగ లేచి పక్కనున్న హెలికాప్టరు తలుపు తీశాడు. అందులో ఎడమ స్టిక్కు గొట్టంలో దిగి ఉంది. గొట్టానికీ స్టిక్కుకూ కలిపి అడ్డంగా ఒక రంధ్రం, అందులో వేలెడంత స్టీలు పిన్ను, పిన్ను తలకు ఉంగరం. ఎడమ సీట్లో నడపడం రానివాళ్లు కూర్చునే రోజున ఆ పిన్ను లాగి స్టిక్కు తీసేస్తారు. శిక్షణ రోజున మళ్లీ దించి పిన్ను గుచ్చుతారు. జలగ ఉంగరంలో వేలు పెట్టి పిన్ను లాగాడు. స్టిక్కు గొట్టంలో బుద్ధిగా అలాగే నిలబడి ఉంది, చూసేవాళ్లకు తేడా ఏమీ తెలియదు. అతను దాన్ని పట్టుకుని తనవైపు గట్టిగా గుంజాడు. అది పిల్లనగ్రోవిలా చేతిలోకి వచ్చేసింది.

గద్ద కుర్చీలోంచి లేచాడు.

“మీ శవం లాగింది దీన్ని,” అన్నాడు జలగ. “పిన్ను ఉండి ఊడితే రంధ్రం చిరగాలి. కూలిన దాని గొట్టం చూడండి. రంధ్రం గుండ్రంగా ఉంది, చుట్టూ రంగు కూడా లేవలేదు. కుర్రాడు వెంటనే ఇచ్చేశాడు. ఈయన తీసుకున్నా అన్నాడు, లాగాడు, ఊడొచ్చిన స్టిక్కు చేతిలో పట్టుకుని ఆశ్చర్యంగా చూశాడు. కుడిచేతిలో అదుంది కాబట్టే ఎడమచేత్తో కుర్రాడి స్టిక్కు కోసం ఒరిగాడు. ఆయన చనిపోయింది గాలిలో పోట్లాడి కాదు. ఎవరో పిన్ను తీసేసి చంపారు.”

“ముందురోజు సాయంత్రం మెకానిక్కు పిన్ను గుచ్చాడు. అతన్ని నేనే స్వయంగా అడిగాను.” గద్ద తడుముకోకుండా అన్నాడు. “పొద్దున హెలికాప్టరు చుట్టూ తిరిగి అన్నీ చూసుకోవాల్సింది ఆ కుర్రాడు. చూశానని వాడే చెప్పాడు. మరి పిన్ను లేని సంగతి వాడికి తెలీదా?”

“తెలిసి అందులో ఎక్కి కూర్చుంటాడా? తాను కూర్చున్న కొమ్మ ఎవడైనా నరుక్కుంటాడా? వాడు చూసి వచ్చాకే ఎవడో తీశాడు.” జలగ ఊడొచ్చిన స్టిక్కును చేతికర్రలా నేలకు ఆనించాడు. “అది సరే. మంగళవారం ఆ కుర్రాడికి టెస్టట. ఎగ్జామినరు రాలేదట. ఎవరండీ ఆ ఎగ్జామినరు?”

గద్ద చెయ్యి తనకు తెలియకుండానే మెడ దగ్గరి బొత్తాం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ అనలేదు, అప్పుడే భుజం తడుముకున్నాడు.

“నాకు ఒంట్లో బాగాలేదు.”

“ఇన్‌స్ట్రక్టరుకు ఫోను చేసి ఏం చెప్పారు?”

గద్ద పెన్నుకు మూత పెట్టి మళ్లీ తీశాడు. ఇలాంటి మౌనాలు జలగకు భోజనంతో సమానం.

“నేను చెబుతాను. నువ్వే తిప్పి తీసుకురా, నేను ఇంట్లో కూర్చుని సంతకం పెడతాను అన్నారు. ఆ సంగతి బయటికి వస్తే మీ ఉద్యోగం ఉండదు. అందుకని టెస్టును శిక్షణ చేశారు, కాలు పోయినవాడి నెత్తిన తప్పంతా రుద్దారు. ఆ ఫోను అందేసరికి ఇంజన్ తిరుగుతోంది, కుర్రాడు సీట్లో ఉన్నాడు. ఇన్‌స్ట్రక్టరు పరిగెత్తుకెళ్లి ఎక్కాడు. అంటే పిన్ను తీసినవాడికి ఆ సీట్లో ఆయన కూర్చుంటాడని తెలీదు.” స్టిక్కుతో గద్ద ఛాతీని మెల్లగా పొడిచాడు. “అది మీ సీటు. ఆ పిన్ను మీ కోసం తీశారు.”

గద్ద మొహంలో రక్తం ఎటుపోయిందో గాని పోయింది. కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. జలగకు జాలి వేయలేదు. ఇంకా కాసేపు అలా చూస్తూ నిలబడాలనిపించింది.

“మిమ్మల్ని చంపాలని ఎవరికుంటుంది?”

“నేను ఫెయిల్ చేసిన వాళ్లందరికీ.” గద్ద పెన్ను ఒళ్లో పడేసుకున్నాడు. “టెస్టులో నేను స్టిక్కు అందుకున్నానంటే ఫెయిలే. అది రూలు. నేను కాస్త తొందరగా అందుకుంటాను. అందుకే గద్ద అంటారు. ఈ కుర్రాణ్ణి కూడా రెండుసార్లు అలాగే… నాలుగు అడుగుల ఎత్తులో ఉండగా లాక్కున్నాను. ఇంకొక్క క్షణం ఆగితే దించేవాణ్ణి సార్ అని ఏడ్చాడు.”

“ఇప్పుడేం రాస్తారు?”

గద్ద రిపోర్టు కాగితాలు తీసి చింపాడు. ఒకసారి, రెండోసారి. మందం పెరిగి మూడోసారి చిరగలేదు. “హత్య అని రాస్తాను. పోలీసులకు ఇప్పుడే చెబుతాను. నాకు కాపలా కావాలి.”

“ముందు కుర్రాడికి పెట్టించండి. బతికున్న సాక్షి వాడొక్కడే. గంటలో ఇద్దరు పోలీసులు వాడి తలుపు దగ్గర ఉండాలి. పిన్ను ఎవరి దగ్గర దొరికితే వాడే హంతకుడు, ఆ ముక్క కూడా రాయండి.”

గద్ద బుద్ధిగా రాసుకున్నాడు.

*

జలగ ఆసుపత్రి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. గెలిచినప్పుడు అతను అలాగే ఎక్కుతాడు. అయినా గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు ఏదో గుచ్చుకుంటూనే ఉంది. టెస్టు సంగతి కుర్రాడెందుకు దాచాడో అతనికి ఇంకా అంతుపట్టలేదు.

“మీ వాడి తప్పు లేదని తేలిందమ్మా. గురువుగారి స్టిక్కు ఊడొచ్చింది. ఎవడో కావాలని చేశాడు. మీ వాడు అడగ్గానే ఇచ్చేశాడు.”

ఆవిడ చేతులు జోడించింది. ఏడుస్తూనే నవ్వింది. “వాడికి చెప్పండి అన్నయ్యగారూ. మీ నోటితో చెప్పండి. నాలుగు రోజులుగా మెతుకు ముట్టలేదు.” కళ్లు తుడుచుకోవడానికి చెయ్యెత్తేసరికి చేతిలోని తాళాల గుత్తి గలగలమంది.

జలగ చూపు గుత్తి మీద ఆగింది. వీధి తలుపు తాళం, బీరువా తాళం, ఇంకేదో చిన్న తాళం. వాటి మధ్య, వేలెడంత స్టీలు పిన్ను. దాని తలకు ఉంగరం.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పొద్దున ఆ గుత్తి అతని కళ్లముందే తిరిగింది.

“ఇదేంటమ్మా?” తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

“వాడి పంట్లాం జేబులో ఉందండీ, ఉతుకుతుంటే దొరికింది. హెలికాప్టరుదేమో, వాడికి అవసరం పడుతుందేమో అని పోకుండా తగిలించుకున్నాను.”

“ఒకసారి ఇస్తారా?”

ఆవిడ గుత్తిలోంచి తీసి ఇచ్చింది. జలగ లోపలికి వెళ్లి తలుపు వేశాడు. ఈసారి ఫైలు మంచం మీద పెట్టలేదు. పిన్ను కుర్రాడి ముందు పెట్టాడు.

కుర్రాడు దాని ఉంగరాన్ని వేలితో తాకాడు. తర్వాత, గ్లాసు పగలగొట్టిన పిల్లాడిలా, అడగకుండానే చెప్పాడు.

“గద్ద వచ్చి లాక్కుంటాడు సార్. లాక్కుంటే ఫెయిలు. పిన్ను లేకపోతే స్టిక్కు ఊడి చేతిలోకి వస్తుంది. ఆయన దాన్ని పట్టుకుని తెల్లబోయి చూస్తుంటే, నేను చక్కగా దింపి చూపిద్దామనుకున్నాను. నేను బాగా నడుపుతాను సార్. నిజంగా.”

“ఎక్కింది మీ గురువు. అప్పుడైనా పెట్టొచ్చుగా?”

“రెక్కలు తిరుగుతున్నాయి. చెబితే స్కూల్లోంచి తీసేస్తారు. మా సార్ ఎప్పుడూ నా స్టిక్కు లాక్కోలేదు, నా మీద నమ్మకం ఆయనకి. ఇవాళ మాత్రం ఎందుకు లాక్కుంటారులే అనుకున్నాను.”

“పిన్ను లేదని తెలుసు. ఆయన చేతిలో ఏమీ లేదని తెలుసు. మరి ఎందుకు వదిలావు?”

కుర్రాడు తన రెండు అరచేతుల వంకా చూసుకున్నాడు. “నాకివ్వు అన్నారు సార్. చేతులు వాటంతటవే లేచిపోయాయి.”

జీవితంలో ఎంతోమంది చేత నిజం కక్కించిన మనిషి, ఈ నిజాన్ని మళ్లీ ఆ గొంతులోకి నెట్టేయగలిగితే బాగుండునని మొదటిసారి అనుకున్నాడు. గద్ద రాసిన పాత రిపోర్టే ఉండి ఉంటే, కుర్రాడికి చెడ్డపేరు వచ్చి లైసెన్సు రాకుండా పోయేది, అంతే. దాన్ని చింపించింది తను. హత్య అని రాయించింది తను. పిన్ను ఎవరి దగ్గర దొరికితే వాడే అని చెప్పి మరీ రాయించింది తను.

పిన్ను తీసి పిడికిట్లో బిగించాడు. కిటికీ కింద మురుగు కాలువ ఉంది. పట్టుకున్నది వదలడం ఎలాగో అతనికి ఎవరూ నేర్పలేదు. అయినా కిటికీ వైపు రెండడుగులు వేశాడు.

తలుపు తెరుచుకుంది. ఇద్దరు పోలీసులు, వాళ్ల ముందు గద్ద. వెనక కుర్రాడి తల్లి, మొహమంతా వెలుగుతో. కాపలా చెప్పిన గంటకంటే ముందే వచ్చేసింది.

“మీరు చెప్పినట్టే అంతా రాసిచ్చాను,” అన్నాడు గద్ద ఆయాసపడుతూ. “ఆ పిన్ను దొరికితే చాలు, అంతా తేలిపోతుంది. ఏమైనా జాడ తెలిసిందా?”

జలగ పిడికిలి విప్పలేదు. “ఇంకా లేదు,” అన్నాడు. తన వృత్తిలో అతను చెప్పిన మొదటి అబద్ధం అది.

“అదేంటి అన్నయ్యగారూ, మీ చేతిలోనే ఉందిగా,” అంది తల్లి, పోలీసులకు దారి ఇస్తూ, కొడుక్కి చివరికి ఒక్క మేలైనా చేయగలిగానన్న సంతోషంతో. “మా వాడిదేనండీ అది. వాడి జేబులోనే దొరికింది.”